నాలుగో గడి

కాశీబుగ్గ వీధి చివర, జీడిపిక్కల షెడ్డులో
మా సొసైటీ సర్వసభ్య సమావేశం.
ఎజెండా ఒక్కటే:
ఇకమీదట ఎవరు కొనాలి, ఎలా కొనాలి.

పాత పద్ధతి అందరికీ తెలిసిందే.
అధ్యక్షురాలి చెంగున తాళంచెవి,
ఆమె తోడికోడలి అన్న కొట్టులో సరుకు.
సంచులు తక్కువొచ్చిన ఏడాది
ఎలుకల మీద రాశాం.

తర్వాత మూడు కొటేషన్లు పెట్టుకున్నాం.
మూడూ ఒకే దస్తూరి, ఒకే నీలి సిరా,
మూడింట్లోనూ 'రబ్బరు' ఒకేలా తప్పు.
తక్కువ ధరకే ఆర్డరు, రూలు కదా!
తొడుగులు రెండోరోజుకే చిరిగాయి.
మిగిలిన పదకొండు వందల నలభై
లాభం కింద నేనే రాశాను.
జీడిసొన మాత్రం ఏ పద్దులోనూ పడకుండా
వేళ్లలోకి దిగింది.

ఇప్పుడు శ్రీకాకుళం నుంచి యంత్రం వచ్చింది,
అరచేతంత.
కమిటీ ముగ్గురూ బొటనవేలు పెడితేనే ఆర్డరు కదులుతుందట.
దొంగతనానికి దారే లేదన్నాడు తెచ్చిన కుర్రాడు.
మంచివాడే.

కొర్రాయి దమయంతి పెట్టింది. ఎర్రదీపం.
చీరకి తుడుచుకుని పెట్టింది. ఎర్రదీపం.
ఇరవై రెండేళ్లు పిక్కలు కొట్టిన వేలు,
గీతలు ఎప్పుడో సొన తినేసింది.
"నానెవులో దీనికి తెల్దేటి?" అంది,
మమ్మల్ని కాదు, దాన్నే.

నేను పెట్టాను. పచ్చదీపం.
పిక్క ముట్టని వేలు, పేజీలు తిప్పే వేలు.
షెడ్డంతా నా చేతివైపు చూసింది.
జేబులో పెట్టుకున్నాను.

"గుమాస్తాగారి వేలు చాలు, సెట్టింగు మార్చేస్తాను."
"మార్సీ బాబూ. ఏలు ఆయంది, మంట మాది,"
వెనకనుంచి తవిటమ్మ.
ఎవరూ నవ్వలేదు.

టీలు చల్లారాక
తీర్మానాల పుస్తకంలో నేను రాసింది ఇది:
రేట్ల పట్టికలో నాలుగో గడి గీయాలి.
దుకాణం, ధర, గడువు, ఆ పక్కన
వారంరోజులు తొడిగి చూసినవాళ్ల మాట.
ఆ గడి ఖాళీగా ఉంటే
ఎంత చవకైనా ఆర్డరు లేదు.

కింద సంతకాలు తొమ్మిది,
గీతల్లేని నల్లమచ్చలు ఇరవై ఆరు.
ఎవరిది ఎవరిదో ఎలా పోలుస్తారని
ఆడిటరు అడుగుతాడు.
అడగనీ.

యంత్రం బల్లమీద ఇంకా వెలుగుతూనే ఉంది.
రేపు పది గంటలకి కవర్లు తెరుస్తాం.
దస్తూరి చూడ్డానికి
దమయంతి కళ్లజోడు తెచ్చుకుంటానంది.