వెనక పేజీల్లో కొలత

వేలికి సూది దిగడం నాకు కొత్తా?
పదకొండో ఏట లాలాపేటలో
కాజాలు కుట్టడం నేర్చుకున్న రోజు నుంచీ
ఈ వేళ్లు ఎన్ని చుక్కలు రాల్చాయో
ఏ గుడ్డా లెక్క చెప్పలేదు.
నోట్లో పెట్టుకుని ఒకసారి చప్పరించి
మళ్లీ దారం ఎక్కించేదాన్ని.

ఇప్పుడు ఒక్క చుక్కకి
మూడు జాకెట్ల కూలి.

మంగళవారం పొద్దున్నే
గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి
ఉంగరపు వేలు కిందికి వంచి పిండుతాను.
అరచేతిలో ఇమిడే మిషను
పట్టీ ఒకటి నోట కరుచుకుని
వేడెక్కుతూ చూస్తుంటుంది.
చుక్క చాలకపోతే ఒప్పుకోదు, ఎర్రర్ అంటుంది.
పట్టీ పోయె, కూలి పోయె.
పోయిన నెల వరసగా రెండు పోయాయి,
ఆ పూటంతా దాని మొహం చూడలేదు నేను.

దీనికి ముందు పెద్దాసుపత్రి.
ఆరింటికల్లా చీటీ, మోచేతి మడతలో సూది,
రిపోర్టుకి రేపు రమ్మనేవాళ్లు, రేపు వెళితే ఎల్లుండి.
నా నెత్తురు ఎట్లా ఉందో నాకు తెలిసేసరికి
అది మరోలా అయిపోయేది.

గుండెలో ఇనప తలుపు పెట్టి పదమూడేళ్లు.
రాత్రి బజారు సద్దుమణిగాక
టిక్కు టిక్కుమంటూ వినపడుద్ది.
మా చెల్లెలి కొడుకు దిండు కింద గడియారం వెతికాడు.
నాకైతే
కాలు తీసేసినా ఆగని కుట్టుమిషను.
దాని రెక్కలకి నెత్తురు పేరుకోకూడదని
రోజూ ఒక బిళ్ల.
ఎలకల మందూ ఈ జాతిదేనన్నాడొక కాంపౌండరు.
వాళ్లావిడ జాకెట్టు వారం ఆలస్యంగా ఇచ్చాను.

రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలమ్మా,
చిక్కబడితే గడ్డ, పల్చబడితే ఆగదు అని
గ్రేసమ్మ సిస్టరు బొమ్మ గీసి మరీ చెప్పింది.
బొమ్మ ఎందుకు సిస్టరూ,
అర అంగుళం బిగిస్తే చంకలో పిగులుద్ది,
అర అంగుళం వదిలితే భుజం జారుద్ది,
నేను బువ్వ తినేదే ఆ మధ్య జాగాలో.

తెలిసి కూడా తప్పుతాం.
గుంటూర్లో ఉండి గోంగూరకి లెక్కేంటి?
మానమనలేదు డాక్టరు,
తినేదేదో ప్రతి వారం ఒకేలా తినమన్నాడు.
వీరరాఘవమ్మ జాడీ మూత తీస్తే
వాసన గోడ దిగి మా ఇంట్లోకొస్తది.
మొన్న వానల్లో మూడు రోజులు
ఉల్లిపాయ నంజుకుని వేడన్నం.
మంగళవారం ఒకటీ పాయింటు ఆరు.
నాలిక మీద పులుపింకా పోలేదు,
వెధవ మిషను పట్టేసింది.

పంటినొప్పికి దుకాణంలో అడిగి తెచ్చుకున్న బిళ్లలు మింగినప్పుడు
ఐదు పాయింటు ఎనిమిది.
ఉమ్మితే నురగ గులాబీ రంగు.
బల్ల మీద మగ్గం పని పెళ్లి జాకెట్టు,
నోరు తెరుచుకుని కత్తెర.
ముందు కత్తెర మూశాను.
తర్వాతే ఫోను.
ఈ రాత్రి బిళ్ల వద్దు, ఇప్పుడే రా,
సూది ముట్టుకోకు అంది గ్రేసమ్మ.
ఆటోలో కూర్చున్నాక
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ జాకెట్టు సువార్త పూర్తిచేసింది, పని నేర్చుకునే పిల్ల.
మెడ కాస్త ఎడమకి లాగింది.
పెళ్లికూతురు కనిపెట్టలేదు, నేను కనిపెట్టాను, అనలేదు.

కొలతల పుస్తకంలో ముందు వైపు ఊరి ఆడాళ్లు,
ఛాతీ, నడుము, చేతి పొడవు.
వెనక నుంచి తిప్పితే నావి.
నిన్న తిరగేసి పట్టుకుని అడిగింది సువార్త:
"రెండూ పాయింటు తొమ్మిది ఏంటక్కా,
బొమ్మకి కుడుతున్నావా?"

నాదేనే అన్నాను.
నా నడుము వంక ఒకసారి చూసి
పకపకా నవ్వి
బాబిన్‌కి దారం చుట్టుకోడానికి పోయింది.