ప్లస్ గుర్తు

నవంబరు మొదటివారంలో కేబుల్ కారు ఆపించాను.
కొండ మీద మాంగనీసు గని కాలనీ, కింద బజారు, మధ్య లోయ.
నాలుగు నిమిషాల దారి
జనానికి ఏడువందల మెట్లయింది.
ఆ నలభై రోజులూ జార్జియా భాషలో ఉన్న తిట్లన్నీ
నా చెవుల్లోంచే నడిచి వెళ్లాయి.

తాడు తెగలేదు. అదే వాళ్ల కోపం.
"తెగిందా?" "లేదు."
"తెగబోతోందా?" "తెలియదు."
తెలియనిదానికి ఇంజనీరెందుకని
మీట దగ్గర కూర్చునే ఓటియా కూడా మొహం తిప్పుకున్నాడు.
ఇరవై ఆరేళ్లుగా ఆ ఉక్కుతాడు మూలుగు వింటున్నవాడు,
గాలి మారితే దాని శ్రుతి మారుతుందని చెప్పగలవాడు.

నా దగ్గరున్నది ఒక వంపు గీత.
ఎక్కడెక్కడో తెగిపోయిన తాళ్ల వయసులన్నీ
ఒకచోట కుమ్మరిస్తే లేచిన గుట్ట.
ఎడమవైపు నేలనంటుకుని నిద్రపోతూ,
ముప్పయ్యో ఏడు దాటాక వెన్ను విరుచుకుని,
కుడివైపు సన్నగా తోక లాగుతూ వాలిపోయేది.
మెట్లదారిలో వీధిదీపానికి ఈ బాధ లేదు.
నిన్నంతా వెలిగినందుకు ఇవాళ అలసిపోదు,
కొత్తదైనా పాతదైనా పోయేరోజున పోతుంది.
తాడు ప్రతి చలికాలాన్నీ గుర్తుపెట్టుకుంటుంది
లోపల్లోపల, ఒక్కో తీగా తెంపుకుంటూ.

ఆ గీత కింద, ఈ ఏటి మంచు పడేచోట
చిన్న ముక్కకి ఎర్రపెన్సిలు రుద్దాను.
వెయ్యిలో నాలుగు.
కారులో ఎక్కేది పద్దెనిమిది మంది.

త్సియూరి అనే ముసలామె, చీజు అమ్ముకునేది,
మెట్లెక్కే ముందు మా స్టేషను బల్ల మీద బుట్ట దించింది.
"ఎన్నో తారీఖున తెగేది? ఎన్ని గంటలకి?"
అబద్ధం చెప్పలేను కదా.
"ఏ ఒక్క క్షణం తీసుకున్నా సున్నా.
డిసెంబరు తొమ్మిది, ఎనిమిదీ పద్నాలుగు, సున్నా.
ఆ పక్క క్షణం, అదీ సున్నా."
"అన్నీ సున్నాలే అయితే
నా మోకాళ్ల మీద ఈ మెట్లన్నీ ఎవరు వేశారమ్మా నజిబ్రోలా?"

చదువంతా నోట్లోనే చిక్కుకుపోయింది.
కాలేజీలో మా మాస్టారు సుద్దముక్కతో
గబగబా దాటించేసిన చోటు అది.
నేనూ దాటేశాను, పరీక్ష పాసయ్యాను.

నాకో ముక్క పెడదామని ఆమే కత్తి తీసింది.
కత్తి దిగింది. ఆగింది.
"ఇదిగో, ఈ కోసిన గీత ఉందే, దీని బరువెంత?"
"ఏమీ ఉండదు."
"నలభయ్యేళ్లు అమ్మాను. గీతకి ఎవడూ పైసా ఇవ్వలేదు.
ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అంటేనే తక్కెడ కదులుతుంది."
రెండో కోత వేసి ముక్క నా అరచేతిలో పెట్టింది.
ఉప్పగా, చల్లగా, బరువుగా.

"చలికాలం ఇంత ముక్కన్నమాట," అంది తన వాటా నములుతూ.
మెచ్చుకుందో లేదో తెలియలేదు.
మోకాళ్లు పట్టుకుని లేచి
మెట్లెక్కింది, నన్ను తిడుతూనే.

కొత్త తాడు వచ్చింది. కారు కదిలింది.
ఓటియా మూడురోజులు చెవి రిక్కించి విని
"దీనికింకా గొంతు రాలేదు" అన్నాడు.
పాతది ఏ రోజు తెగి ఉండేదో,
అసలు తెగేదో లేదో, నాకెప్పటికీ తెలియదు.
ఈ ఉద్యోగంలో సరిగ్గా చేసిన పనికి
సాక్ష్యం చెప్పడానికి ఎవరూ రారు.

పాత తాడులో పన్నెండు మీటర్లు త్సియూరి అడిగి పట్టుకెళ్లింది.
పెరట్లో రెండు ఇనుప రాటల మధ్య బిగించి
దాని మీదికి ద్రాక్షతీగ పాకించింది.
ఆదివారాలు కారెక్కి వెళ్లి చూసొస్తుంటాను.
తాళ్ల వయసులు రాసే పుస్తకంలో
తెగనివాటికీ ఒక వరస ఉంది.
వయసు వేసి, పక్కన చిన్న ప్లస్ గుర్తు.
ఇంతవరకు చూశాం, ఆపైన తెలియదు, అని అర్థం.
ద్రాక్షల బరువు లెక్కలోకి రాదు, తెలుసు.
అయినా నిన్న రాశాను, ఇరవై ఎనిమిది ప్లస్.

ఆ తాడు కిందే పీట వేసుకుని
గుత్తులు కత్తిరించుకుంటోంది ఆమె.
నీకెన్నేళ్లని అడిగాను.
"ఎనభై ఒకటి," అంది తలెత్తకుండా.
పెన్సిలు ఇంకా నా చేతిలోనే ఉంది.