ఉప్పునీళ్ళ కలుపు

సాల్వాలో మూడంతస్తుల ఇల్లు.
మెట్ల కింద ఒక సముద్రం,
ఆరడుగుల పొడుగు, నాలుగు వందల లీటర్లు.
దానికి కరెంటు పోతే ఇంటిల్లిపాదీ లేచి కూచుంటారు.
నేనొచ్చిన ఏడు పగడాలు గులాబీరంగులో
పెళ్ళిపందిరి లాగా ఊగేవి.
ఈ ఆగస్టుకి పాచిపట్టిన తొట్టి.

రాళ్ళకు పచ్చటి జుట్టు.
అద్దానికి పొద్దున తుడిస్తే సాయంత్రానికి గోధుమ పొర.
ఇసుక మీద ఎర్రటి జిగురు, పుండు మీద పక్కు లాగా,
దాని కింద ఊపిరి బిగబట్టిన బుడగలు.

హెస్సా మేడం అంగడి నుంచి సీసా తెచ్చింది.
"నాలుగు మూతలు పొయ్యి ఓబులమ్మా, రేపటికి పోతుంది."
నేను పొయ్యలా.
నాకు చదువు రాదు గానీ కలుపు తెలుసు.
పుల్లంపేట పక్కన కౌలుకు చేసిన చెనిక్కాయ చేలో
తుంగ పీకి పీకి వేళ్ళు బొబ్బలెక్కినదాన్ని.
ఆకు తెంపితే తుంగకేం నొప్పి?
కింద గడ్డ ఉంటుంది, గడ్డ కింద ఇంకో గడ్డ.
ఎందుకు మొలిచిందో అడగకుండా మందు కొడితే
మరుసటేడు చేను మందునే అడుగుతుంది.

శుక్రవారం తొట్టి చూసే రోడెల్ వచ్చాడు.
గాజు గొట్టంలో చుక్కలేసి ఊపాడు,
నీళ్ళు నీలంగా తిరిగాయి.
"ఫాస్ఫేటు" అన్నాడు.
"నీళ్ళు బలిశాయి" అన్నాను.
ఇద్దరం చెప్పింది ఒకటే,
మేడంకు రెండుగా వినబడింది.

సింకు కింద ఫిల్టర్లు విప్పితే
తెల్లగా ఉండాల్సినవి టీ గుడ్డలయినాయి.
మార్చినాం.
పన్నెండు గంటల లైటును ఏడుకు తెచ్చినాం.
రాయి తర్వాత రాయి బక్కెట్లోకి తీసి
పాత పళ్ళబ్రష్షుతో రుద్దినాను,
పిల్లకు పేలు చూసినట్టు
పాయ తీసి, పాయ తీసి.
రోడెల్ ఇరవై నత్తల్ని వదిలాడు.
అవి నాకన్నా నిదానం,
జీతం అడగవు.

అప్పటికీ తగ్గలా.
"మూడురోజులు చీకటి పెట్టు" అన్నాడు రోడెల్,
"మోటార్లు మాత్రం ఆపొద్దు."
మేడం పాత అబాయా రెండు మడతలేసి కప్పినాను.
ముసుగు లోపల నీళ్ళు గురగురమంటున్నాయి,
నిద్రలో ఎవరో పలవరించినట్టు.

మూడో రాత్రి, రెండు దాటింది.
మంచినీళ్ళకని కిందికి దిగితే
అబాయా అంచు లేచి ఉంది.
మామా లుల్వా.
ఎనభై ఏళ్ళ వేళ్ళతో చిటికెడు, చిటికెడు,
చేపల మేత రాలుస్తా ఉంది.
"పొద్దున్నుంచి తినలేదు పాపం" అంది అరబ్బీలో.
నన్ను చూసి, "కలేతీ?"
తిన్నావా అని.
తిన్నానమ్మా.
డబ్బా మూత పెట్టింది. మూత తీసింది.
"పాపం, పొద్దున్నుంచి తినలేదు."
"కలేతీ?"

గడ్డ ఇక్కడుంది.

మేడంకు చెప్పలా.
చెబితే ఆ డబ్బా బీరువాలోకి పోతుంది,
తాళం ఆమె నడుముకు,
ముసలామెకు ఇంకో తలుపు మూసుకుంటుంది.
ఈ ఇంట్లో నన్ను తిన్నావా అని అడిగేది
ఒక్క మనిషి,
రాత్రికి అయిదు సార్లు.

మాత్రలు పోసుకునే ఏడు గళ్ళ డబ్బీ ఉంటే కడిగి
గడికొక చిటికెడు మేత పెట్టి
ఆమె దిండు పక్కన పెట్టినాను.
పగటి మేత నేను మానేసినాను.
లెక్క నీళ్ళకు తెలుసు, నాకు తెలుసు.

నెలన్నర పట్టింది.
జుట్టు పలచబడి, ఊడి,
రాళ్ళకు మళ్ళీ ఊదారంగు తిరిగింది.
"సీసా బాగా పనిచేసింది చూశావా" అంది మేడం.
అవునన్నాను.
సీలు తీయని సీసా చీపుర్ల వెనకుంది.
వెనక మూల ఒక రాయి మీద
అరచేయంత పచ్చ మాత్రం ఉంచినాను,
పసుపు చేప దాన్ని మేకలాగా మేస్తుంది.

నిన్న రాత్రి ఏడో గడి ఖాళీ అయినాక
మళ్ళీ అడిగింది, "కలేతీ?"
ఎందుకో, "లేదమ్మా" అన్నాను.
చేతి గుడ్డలోంచి ఖర్జూరం తీసి
నా అరచేతిలో పెట్టింది.
దానికి చేపల మేత అంటుకుని ఉంది,
ఎండురొయ్యల కంపు.
దులపబోయినాను.
ఆమె చూస్తా ఉంది.
అట్లే తిన్నాను.