ఎడమ పక్క పెట్టె

రొయ్యల చెరువులకి తెల్లమచ్చ తగిలిన ఏడు
నరసరాజు గారింట్లో సామాను ఒక్కోటే వాకిలి దిగింది.
ఐసు ఫ్యాక్టరీ ఆయన బాకీ కింద ఆంప్లిఫయరు పట్టుకుపోయాడు.
స్పీకర్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి,
కాడి లేని ఎడ్లలాగ.
నాలుగు వేలిచ్చి, సైకిలు మీద రెండు విడతలుగా
లాకుల కాడ మా క్వార్టరుకి చేర్చాను.

నాది లస్కరు ఉద్యోగం.
నరసాపురం కాలవ మీద తలుపులెత్తడం, దించడం.
ఏ తూముకి ఎన్ని అంగుళాలో నా చేతికి తెలుసు.
పెట్టె వెనక అట్ట మీద మాత్రం
ఎనిమిది ఓములు, ఎనభయ్యారు డెసిబెల్సు అని రాసుంటే
ఎవరిదో జాతకం చూసినట్టు చూశాను.

భీమవరంలో షాపు కుర్రాడు
నీలం లైట్లు తిరిగే డబ్బా ముందు నిలబెట్టి
"అయిదు వేల వాట్లండి, గోడలదురుతాయి" అన్నాడు.
మా గోడలు అసలే అదురుతున్నాయి బాబూ.
జేబులో ఎనిమిది వేలు,
అందులో రెండు వేలు
వానలలోపు రేకుల మీద కప్పాల్సిన పట్టాకి.

పాలకొల్లులో గఫూరు గారు రేడియోలు బాగుచేస్తారు.
ఆయన వాట్ల ఊసెత్తలేదు. "గది ఎంత?" అన్నారు.
పదికి పన్నెండు.
"ఎంత దూరంలో కూర్చుంటారు?"
మంచం కోడు నుంచి గోడ దాకా, ఆరడుగులు.
"అయితే ముప్పై వాట్లు చాలు. కాని నిజం ముప్పై కావాలి.
చాలనిదాన్ని పట్టుకుని గట్టిగా తిప్పారనుకోండి,
అల తల తెగుతుంది.
ఆ తెగిన అల ముందు సన్నగొంతు స్పీకర్నే చంపుతుంది.
ఇంకోటి, మీ పెట్టెలు ఎనిమిది ఓములంటాయి గాని
పాట మధ్యలో అయిదుకి జారతాయి.
అప్పుడూ వేడెక్కకుండా ఇవ్వగలగాలి."

ఇదైతే నాకు తెలిసిన లెక్కే.
ధవళేశ్వరంలో ఎన్ని వేల క్యూసెక్కులు వదిలారో పేపర్లో వేస్తారు.
శివారు చేలో నిలబడ్డవాడు పేపరు చూడడు,
మడమ తడిసిందా లేదా చూసుకుంటాడు.

అరలోంచి ఒకటి దించారు.
ముప్పయ్యయిదేళ్ళ పాతది, ఒక మూల చెక్క లేచింది,
కెపాసిటర్లు మార్చి ఆరు వేల ఎనిమిదొందలు.
పక్కనే కొత్తది. అరచేతి మందం, రిమోటు,
ఫోన్లోంచి పాట గాల్లో వచ్చేస్తుంది, నాలుగు వేలే.
చెయ్యి అటే పోయింది.
పోతూ పోతూ పాతదాని మీద ఒక చిన్న బటను దగ్గర ఆగింది.
మోనో.
"ఇదెందుకండి?"
"రెండు పక్కలదీ కలిపి రెండు పెట్టెల్లోనూ ఇస్తుంది.
ఇప్పుడెవరూ నొక్కరు లెండి."

మా మంగతాయారుకి
చిన్నప్పుడు చీము కారి ఎడమ చెవి పోయింది.

పదమూడు కిలోలు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.
తీగలు బిగించాను, ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.
వాళ్ళ నాన్న మేళం
కొత్తపేట పెళ్ళిలో వాయించిన టేపు
ఎవరో ఫోన్లోకి ఎక్కించిపెట్టారు.
ఏళ్ళ తరబడి కుడి చెవిలో ఇయర్‌ఫోను ముక్క దోపుకుని
అది వింటూ బియ్యం చెరిగేది.
"సూరన్న బాబాయి సన్నాయి బాగా పడింది.
మా నాన్నే, పాపం, ఎక్కడో దూరంగా కూర్చున్నట్టున్నాడు."

బటను నొక్కాను.

చేట ఆగింది.
ఇన్నేళ్ళూ ఎడమ పక్కనే కూర్చుని వాయిస్తున్న డోలు
లేచి గదిలోకొచ్చింది.
ఏ చప్పుడైనా కుడి చెవి అటు తిప్పే మనిషి
తల తిప్పలేదు.
చాలాసేపటికి,
"ఇదిగో ఇక్కడ. ఇక్కడ ఒక దెబ్బ తప్పాడు" అంది,
వాళ్ళ నాన్నని పట్టేసుకున్నట్టు నవ్వుతూ.
"మళ్ళీ పెట్టండి."

పన్నెండొందలకి పట్టా సగమే వచ్చింది.
మొదటి వానకి మంచం జరిపాం.
డబ్బాని జరపలేదు.