పద్నాలుగో ప్రశ్న

ఈ కట్ట విప్పితే ఇప్పటికీ తుమ్ము వస్తుంది.
రెండు వానాకాలాలు బీరువాలో మగ్గినా
ఘాటు పోలేదు.

గుంటూరులో, మిర్చి యార్డు వెనక మున్సిపల్ స్కూలు.
ఏడో తరగతి, రెండు సెక్షన్లు.
ఏ సెక్షన్‌కి నేను: చింతగింజలు, రంగు కాగితాల ముక్కలు,
నేలమీద గుండ్రంగా కూర్చోబెట్టి భిన్నాలు.
బి సెక్షన్‌కి పున్నారావు మాస్టారు: సుద్దముక్క, నల్లబల్ల,
ఇరవై ఏడేళ్లుగా అరగని గొంతు.
మధ్యలో గోడ.
నా పరిశోధనంతా ఆ గోడ మీదే నిలబడాలి.

ఆరు వారాలు.
ఫిబ్రవరి గాలి యార్డు మీదుగా మళ్లినప్పుడల్లా
రెండు సెక్షన్లూ ఒకేసారి దగ్గేవి.
దాన్ని నేను రాసుకోలేదు.

పరీక్ష పెట్టాను. కూడాను, భాగించాను.
ఏ సెక్షన్ సగటు ఇరవై ఒకటి పాయింట్ మూడు.
బి సెక్షన్ ఇరవై పాయింట్ తొమ్మిది.
గైడు గారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి
"టీ విలువ ఎంతమ్మా?" అన్నారు.
చెప్పాను.
"బయట కొట్లో టీ నయం కదమ్మా, పది రూపాయల విలువన్నా ఉంది."

సిగ్గేసింది. ఒక సాయంత్రం మళ్లీ వెళ్లాను.
బడికి తాళం. పిల్లలెక్కడంటే
తొడిమలు తీసే షెడ్డు చూపించారు.
ఎర్రటి గుట్టల చుట్టూ ఆడవాళ్లు, మూతికి పాత చీరముక్కలు,
పక్కనే పుస్తకాల సంచులు.
ఏ సెక్షన్ నాగూర్‌బీ బాసింపట్టు వేసుకుని
బి సెక్షన్ మరియదాసు ముందు కాయలు పరుస్తోంది.
"పది కాయలు. మూడు తాలు. ఎంత?"
"పదింట మూడు."
"ఇరవై తీస్తే ఆరు తాలు. ఇప్పుడు?"
వాడు కన్ను నలుపుకోబోయి ఆగాడు.
ఆ చేత్తో కన్ను ముట్టకూడదని
వాడికి ఏ పద్ధతిలోనూ చెప్పక్కర్లేదు.
"అంతేగా. కాయలు పెరిగినయ్యి, వంతు అదే."

"ఎప్పట్నించే ఇది?" అన్నాను.
"మొదట్రోజు నించే టీచర్.
మాకు గింజలిచ్చి వీళ్లకియ్యలేదు గదా మీరు."
అని, తలెత్తకుండానే
ఇంకో పది కాయలు లెక్కపెట్టింది.

గైడు గారు తల పట్టుకున్నారు.
"నియంత్రిత సమూహం పాడైపోయింది.
ఈ బడి తీసెయ్యి. ఇంకోటి చూడు,
పిల్లలు కలవని చోటు."

పిల్లలు కలవని చోటు కోసం
పట్నంబజారు నుంచి నల్లపాడు దాకా
స్కూటీ మీద మూడు వారాలు తిరిగాను.
దొరికింది లెండి. రెండు గేట్లు,
రెండు భోజనాల బెల్లులు, కిటికీలకి సున్నం కొట్టిన అద్దాలు.
అక్కడ టీ విలువ బ్రహ్మాండంగా వచ్చింది.
పట్టా కూడా.

ఇవి ఆ పారెయ్యమన్న కాగితాలు.
పద్నాలుగో ప్రశ్న: ఇంట్లో నీకు చదువు చెప్పేదెవరు?
తండ్రి, తల్లి, ట్యూషన్, ఎవరూ లేరు.
నాలుగు గళ్లు.
బి సెక్షన్‌లో పదహారు మంది
ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు.
గడి బయట, అంచున, పెన్సిల్‌తో:
నాగూర్‌బీ
నాగూరుబి
నాగుర్బీ, ఏ సెక్షను, మా పక్కిల్లు
ఒకడు ఆమె పేరు రాక
మిరపకాయ బొమ్మ వేశాడు.

అప్పట్లో వాటన్నిటి మీదా ఎర్రసిరాతో
తొమ్మిది వేశాను.
తొమ్మిదంటే మా లెక్కలో
జవాబు లేదు అని.

ఇప్పుడు బ్లేడు అంచుతో
ఒక్కో తొమ్మిదీ గీకుతున్నాను.
కాగితం పలచబడుతోంది, కొన్నిచోట్ల చిల్లు పడుతోంది.
పదహారింట ఆరు అయ్యాయి.
కుదించడం వచ్చు నాకు.
ఈ పూట కుదించను.