దంత్య చకారం

జిలాంగ్‌లో, మూరబూల్ వీధి మేడమీది క్లినిక్‌లో
కుర్చీలన్నీ పన్నెండేళ్ళ కొలతకి చేసినవి.
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను.
రిసెప్షన్ పిల్ల అడిగింది: "మీ బాబు పేరు?"
బాబు లేడమ్మా. పేషెంటుని నేనే.
నలభై ఏడు.

ఎదుటి కుర్చీలో లాక్లన్, ఎనిమిదో క్లాసు.
పళ్ళ మీద నీలం, తెలుపు రబ్బర్లు,
ఊరి ఫుట్‌బాల్ జట్టు రంగులు.
కొత్త సైకిల్ చూపించినట్టు
నోరంతా తెరిచి చూపించాడు.
"మరి మీవేవి?"
నావి పళ్ళ వెనక వేయించుకున్నాను నాన్నా.
ఎవరికీ కనబడకుండా.
దానికి డబ్బు కూడా రెండింతలు.
వాడు కాసేపు ఆలోచించాడు.
"కనబడకపోతే ఎలా మరి?"

ఎలాగంటే,
మా పెళ్ళి ఆల్బమ్‌లో నూట పన్నెండు ఫొటోలు.
అన్నిట్లోనూ పెదవులు కుట్టేసినట్టే ఉంటాను.
"మూసి నవ్వమ్మా, మూసి" అన్నాడు ఫొటోగ్రాఫరు.
మంచివాడే పాపం.
ఇంటర్లో నా పేరు కొబ్బరికోరు.
నవ్వొస్తే చెయ్యి దానంతటదే లేచి అడ్డం వచ్చేది,
రెప్ప వాలడం ఎవరూ నేర్పనట్టే.
నవ్వు నాలుగు విధాల చేటంటారు.
ఆ నాలుగూ ఏవో ఎవరూ చెప్పలేదు.
నాకు ఒకటి మటుకు తెలుసు.

డాక్టర్ హాలొరన్ ఎక్స్‌రే మీద పెన్ను ఆనించింది:
పన్ను కదలాలంటే ముందున్న ఎముక కరగాలట.
వదిలొచ్చిన చోట కొత్త ఎముక కట్టుకుంటుందట.
నెలకో మిల్లీమీటరు.
ఏ ఊరికీ నేనింత నెమ్మదిగా వెళ్ళలేదు.

చోటు కోసం నాలుగు పళ్ళు పీకింది.
పుచ్చినవి కావు, మంచివే.
అగ్గిపెట్టెంత డబ్బాలో పెట్టి చేతికిచ్చింది.
ఆ రాత్రి పెరట్లో నిలబడి
మూడింటిని కప్పు మీదికి విసిరాను.
రేకు కప్పు. ఒక్కోటీ టంగుమంది.
నాలుగోది ఎందుకో విసరలేదు,
వంటింటి సొరుగులో, పాత బ్యాటరీల పక్కనుంది.
"ఏమిటా చప్పుడు?" లోపల్నుంచి కోదండం.
పాలపళ్ళు, అన్నాను.

శనివారం నార్లేన్ స్కూలు హాల్లో తెలుగు తరగతి.
పదకొండు మంది పిల్లలు.
బోర్డు మీద ౘ, ౙ రాశాను.
చీమలో చ వేరు, చలిలో ౘ వేరు.
రెండోదానికి నాలుక కొస
పై పళ్ళ వెనక ఆనాలి, ఇదుగో ఇలా —

ఆనింది. తీగకి.
గీసుకుంది.
వచ్చింది చలి కాదు, ఈల లాంటిదేదో,
దాంతోపాటు బోర్డు మీదికి ఇంత తుంపర.
రెండింతలు కట్టి దాచిందంతా
ఒక్క అక్షరం చెప్పేసింది.

ఎవరూ నవ్వలేదు. అదే భయం వేసింది.
ముందు బెంచీలో మేదిని చెయ్యెత్తింది.
ఏడేళ్ళు, పైపళ్ళు రెండూ ఊడి, నోట్లో కిటికీ.
"టీచర్, నాకూ రాదు అది."
పళ్ళు లేక దానికి,
పళ్ళ వెనక ఇనుముండి నాకు.
లేచి వచ్చి పక్కన నిలబడింది.
ఇద్దరం కలిసి మొదలుపెట్టాం:
జడ, జున్ను, జల్లెడ కూడా కష్టమే,
చాప, చుక్క, చోటు, చాలు —
చాలు అసలు రానే లేదు.
హాలంతా పకపకలు.
నేనూ.
చాలాసేపటికి చూసుకున్నాను:
కుడిచేతిలో మార్కరు,
ఎడమచెయ్యి మేదిని పట్టుకునుంది.

పోయిన బుధవారం లాక్లన్ మైనం డబ్బా ఇచ్చాడు.
"గుచ్చుకునే చోట అద్దండి, మింగినా ఏం కాదు."
సగం వాడేసింది, మీద వాడి బొటనవేలి ముద్ర.
పెద్దవాడిలా తలూపి లోపలికి వెళ్ళాడు.

ఇంకా ఇరవై నెలలు.
రాత్రి దీపమార్పి, నాలుక సవరించుకుని
చీకట్లో సాధన చేస్తాను.
చలి.
చలి.
చలి.
కోదండం నిద్రలోనే
తన దుప్పటి కూడా లాగి నాకు కప్పుతాడు.