కొసరు పద్దు

బ్యూనస్ ఎయిర్స్ నుంచి లెక్కలాయన వచ్చాడు.
పటగోనియా గాలికి టోపీ ఎగిరిపోతే
దాన్ని తరుముకుంటూ నా రొట్టెల కొట్లోకి దూరాడు.
"ఎదురుగా ఉన్న ఆ సర్కారు ప్రయోగశాల
మింగిన ప్రతి పెసోకీ
మీ లోయకి ఏం తిరిగిచ్చింది?"
అనడిగాడు, టోపీ దులుపుకుంటూ.

నేను నెలిదా ఆంతిలెయోని.
రెండో గేటు ముందు ముప్పయ్యొక్కేళ్లుగా పొయ్యి రాజేస్తున్నాను.
అణువు ఎలా ఉంటుందో నాకు తెలీదు.
ఆరున్నర బస్సు దిగేవాళ్లలో
ఎవరికి తీపిది, ఎవరికి ఉప్పుది, ఎవరికి అరువు
అది తెలుసు.

నల్లట్ట పుస్తకం ఆయన ముందు తెరిచాను.
ఇదిగో, ఈ ఏడు రోజుకి నాలుగువందల రొట్టెలు.
ఇదిగో, పైవాళ్లు బడ్జెట్ కోసిన ఏడు, నూటడెబ్బై.
ఆ చలికాలం సాయానికున్న ఐలెన్‌ని మాన్పించాను.
ఐలెన్ అద్దె ఎగ్గొట్టింది.
అద్దె రాని ముసలి స్టెపాన్ పైకప్పు మార్చలేదు.
రేకుల కొట్టువాడు నా దగ్గరికొచ్చి
నిన్నటి రొట్టె ఉంటే సగానికిమ్మన్నాడు.

ఆయన రాసుకున్నాడు.
"ఇవి జీతాల డబ్బులే కదమ్మా,
అక్కడ జైలు కట్టినా రొట్టెలు అమ్ముడవుతాయి."
మాట నిజమే.
నిజమైనందుకే ఒళ్లు మండింది.

అప్పుడు ఇర్మా వెర్నెంగో సంగతి చెప్పాను.
తొమ్మిదేళ్లు ఏదో కణం కోసం వెతికిందా మనిషి.
తొమ్మిదో ఏడు చివర, అదిగో ఆ కిటికీ బల్ల దగ్గర,
కాఫీ చల్లారేదాకా చెంచా తిప్పి తిప్పి
"లేదు నెలిదా, అది లేదు" అంది.
లెక్కలాయన కలం ఆపి నవ్వాడు.
"ఇదీ రాయమంటారా?"

రాయి.
ఆ లేనిదాన్ని వెతకడానికి
పిసరు గాలి కూడా చొరని గొట్టం కావలసొచ్చింది.
తెప్పించినవన్నీ ఎక్కడో ఒకచోట ఊపిరి పీల్చాయి.
ట్రాక్టర్లకి మాట్లేసే ఎవారిస్తో ప్రిచర్డ్‌ని పిలిచారు.
మొదటి అతుకు కారింది.
ఇరవయ్యోదీ కారింది.
ఇర్మా పక్కనే స్టూలేసుకు కూచుని
హీలియం పసిగట్టే పెట్టె కీచుమన్నప్పుడల్లా
"ఇంకొక్కటి" అనేదట.
నలభయ్యొకటో అతుకు దగ్గర పెట్టె నోరు మూసుకుంది.
ఆ సాయంత్రం ఎవారిస్తో కొట్లో రొట్టెలన్నీ కొనేశాడు,
అరువుకే అనుకో.

కణం దొరకలేదు. అతుకు మిగిలింది.
ఇప్పుడది జున్ను చేసేవాళ్ల పాలగొట్టాల్లో ఉంది,
చెర్రీపళ్ల చల్లగదుల్లో ఉంది,
ఆసుపత్రిలో నా మరిదికి ఊపిరి మోసిన గోడ లోపల ఉంది.
ఎవారిస్తో షెడ్డులో పదిహేడు మంది.
వాళ్లలో ఒకతె, నేను మాన్పించిన ఐలెన్.
మొహాన నల్లద్దం ఎత్తి
దారిన పోతుంటే నాకు చెయ్యూపుతుంది.
ఆ చెయ్యి చూసినప్పుడల్లా కాస్త సిగ్గేస్తుంది నాకు.

ఇంకోటి కూడా రాసుకో.
ఆ కంచె లోపల మా తాత గొర్రెలు మేసేవి.
కంచె వేసిన రోజున ఎవరూ ఏ పుస్తకమూ తెరవలేదు.
అదీ ఖర్చే. నీ కాగితంలో దానికో గడి ఉందో లేదో.

"కానీ పాలగొట్టాల కోసం పెట్టిన ల్యాబ్ కాదుగా అది?
కావలసిన అతుకేదో నేరుగా నేర్పిస్తే చవక కదా?"

బాబూ, నా దగ్గర డజను కొంటే పదమూడోది వేస్తాను.
పదమూడోది ఏ బిల్లులోనూ ఉండదు.
జనం దాని కోసమే మళ్లీ వస్తారు.
డజను వద్దు, కొసరు ఒక్కటే ఇవ్వు అంటే
ఏ పొయ్యిలోంచి తీసివ్వను?

ఆయన మాట్లాడలేదు.
బయట బస్సు ఆగింది, తలుపు గంట మోగింది.
ఆరు రొట్టెలు కొని రసీదు అడిగాడు.
అరడజనుకి లెక్కగా
ఇంకో రొట్టె సగానికి విరిచి సంచిలో వేశాను.
రసీదులో అది రాయలేదు.